వెనుక నడిచే అమీరు

ప్రయాణంలో ముగ్గురు ఉంటే తమలో ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని మహాప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఈ హదీసును మేము ఇరవై ఏళ్ళకు పైగా విద్యార్థులకు పాఠంగా చెబుతున్నాము. అమీరు అంటే అధికారి కాదనీ, తోటివారి అవసరాలు కనిపెట్టి ఉండవలసిన సేవకుడనీ నల్లబల్ల ముందు నిలబడి వివరిస్తూనే ఉన్నాము. గత డిసెంబరులో ఆ బాధ్యత మా భుజాల మీదికే వచ్చింది. ఆ ఒక్క రోజు పరీక్షలో మేము ఎలా తప్పామో పాఠకులకు విన్నవించుకోవాలని ఈ నెల కలం పట్టాము.

హైదరాబాదులో ఉపాధ్యాయుల శిక్షణా శిబిరం మూడు రోజులు జరిగింది. గుంటూరు జిల్లాలోని మా మదర్సా నుండి ఆరుగురం హాజరయ్యాము. శనివారం సాయంత్రానికి శిబిరం ముగిసింది. తిరుగు రైలు ఆదివారం రాత్రి. మధ్యలో ఒక పగలు మిగిలింది. మాలో ముగ్గురు హైదరాబాదును అంతకు ముందు చూడనే లేదు. ఆ పగటిని నగర సందర్శనకు వినియోగించాలని అందరం నిర్ణయించుకున్నాము. వయసును బట్టి కాబోలు, ఈ పంక్తులు రాస్తున్న మమ్మల్నే అమీరుగా ఉండమన్నారు.

నిజానికి వయసులో పెద్దవారు మేము కాదు, మా హాఫిజ్ సాబ్. అరవై రెండేళ్ళవారు. మదర్సాలో హిఫ్జ్ విభాగం ఆయనదే. మా ఊరి మస్జిదులలో రంజాన్ మాసంలో తరావీహ్ చేయించే యువకులలో చాలామంది ఆయన శిష్యులే. కొన్నేళ్ళుగా మోకాళ్ళ నొప్పి, దానికి తోడు చక్కెర వ్యాధి ఆయనను బాధిస్తున్నాయి. మరొకరు తెలుగు, లెక్కలు బోధించే మాస్టారు. ఆయన హిందూ సోదరులు. పదకొండేళ్ళుగా మాతో కలిసి పనిచేస్తున్నారు. మిగిలిన ముగ్గురూ ముప్పై ఏళ్ళు దాటని ఉత్సాహవంతులైన ఆలిములు.

రాత్రి ఇషా నమాజు తరువాత కాగితం మీద పట్టిక వేశాము. గోల్కొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, మక్కా మస్జిద్, చార్మినార్, చివరిగా లాడ్ బజారులో ఇంటివారు చెప్పి పంపిన లక్క గాజులు. మొత్తం ఏడు. ఒక్కొక్కదానికి ఎదురుగా సమయం కూడా వేశాము. ఆ పట్టికను చూసుకుని మాకే ముచ్చట వేసింది. అందులో ఎవరు ఎంత నడవగలరన్న లెక్క మాత్రం లేదు.

ఉదయం ఫలహారశాలలోనే తొందర మొదలైంది. హాఫిజ్ సాబ్ మాత్ర వేసుకుని తినడం మొదలుపెట్టారు. రెండు ఇడ్లీలలో ఒకటి పళ్ళెంలో ఉండగానే ఆటోలు వచ్చాయి. "దారిలో ఏదైనా తినవచ్చు లెండి హాఫిజ్ సాబ్" అన్నది మేమే. ఆయన మారు మాట్లాడకుండా చేయి కడుక్కున్నారు. నీళ్ళ సీసాలు, ఖర్జూరాలు, బిస్కెట్లు, ఆయన మందుల పొట్లం అన్నీ ఒకే సంచిలో వేసి, దానిని ఒక యువ ఆలిము భుజానికి తగిలించాము. ఛార్జింగు లేని ఆయన ఫోను కూడా అందులోనే చేరింది.

గోల్కొండ కోటను గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసింది తక్కువ. కాకతీయుల కాలంలో మట్టి కోటగా మొదలై, బహమనీల చేతికి వెళ్ళి, 1518 నుండి కుతుబ్ షాహీల ఏలుబడికి కేంద్రమైంది. ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని ఈ కోట, లోపలివారే తలుపు తెరవడంతో 1687లో ఔరంగజేబు వశమైంది. నల్లరాతి గుట్టను ఆనుకుని కట్టిన ఆ గోడలను చూస్తే, మనిషి భయం ఎంత పెద్ద కట్టడాలు కట్టిస్తుందో అనిపిస్తుంది.

బాలా హిసార్ ద్వారం దాటగానే ఒక గుమ్మటం ఉన్నది. దాని కింద నిర్ణీత స్థలంలో నిలబడి చప్పట్లు కొడితే గుట్ట శిఖరాన ఉన్న బారాదరిలో వినిపిస్తాయి. ద్వారం వద్ద శత్రువు అలికిడి ఉంటే పైనున్న వారిని హెచ్చరించడానికి ఆ కాలపు శిల్పులు చేసిన ఏర్పాటు అది. మేము వెళ్ళేసరికి ఒక మార్గదర్శి చప్పట్లు కొట్టి చూపిస్తున్నాడు. అది ఆదివారం, పైగా సెలవుల కాలం. చుట్టూ పిల్లలు, పెద్దలు వంతులు వేసుకుని కొడుతున్నారు.

హాఫిజ్ సాబ్ తల ఎత్తి గుట్టను చూశారు. మెట్లు 300కు పైగా ఉన్నాయి. "మౌలానా, మీరు వెళ్ళి రండి. నేను ఇక్కడే కూర్చుంటాను. కాసేపాగి చప్పట్లు కొడతాను, పైన వినండి" అన్నారు నవ్వుతూ.

"అలాగే హాఫిజ్ సాబ్, గంటలో వచ్చేస్తాము" అన్నాము. ఆ జవాబు చెప్పడానికి మాకు ఒక్క క్షణమైనా పట్టలేదు. ఎవరైనా తోడు ఉండాలా అని అడగలేదు. సంచి ఆయన వద్ద వదలాలన్న ఆలోచన రాలేదు. చేతి గడియారం మాత్రం చూసుకున్నాము.

మెట్ల దారిలో రామదాసు బందిఖానా వస్తుంది. భద్రాచల రామాలయం కోసం ప్రభుత్వ శిస్తు సొమ్ము ఖర్చు చేసినందుకు కంచెర్ల గోపన్నను తానీషా కాలంలో ఉంచిన చెర అది. పైకప్పులోని రంధ్రం నుండి వెలుగు పడుతున్నది. మాస్టారు అక్కడ చాలాసేపు మౌనంగా నిలబడ్డారు. బయటికి వచ్చి మాకొక విషయం చెప్పారు. ఈ కోటను ఏలిన ఇబ్రాహీం కుతుబ్ షా యువకుడుగా ఉన్నప్పుడు విజయనగర ఆస్థానంలో ఏడేళ్ళు తలదాచుకున్నాడట. అక్కడే తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన ఉద్యోగి అమీన్ ఖానుకు పొన్నెగంటి తెలగన్న యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అది అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం. ఆశ్రయం కోరి వచ్చినవాడు ఆ నేల భాషను గుండెలో పెట్టుకుని తిరిగి వెళ్ళడం మాకు ఎంతో బాగుందనిపించింది.

మాట ముగించి మాస్టారు వెనక్కి చూశారు. "హాఫిజ్ గారు ఏరీ?"

"కిందే కూర్చున్నారు. మెట్లు ఎక్కలేనన్నారు."

"పొద్దున సరిగా తినలేదు కదండీ ఆయన" అని ఒక క్షణం ఆగారు. "నేను చూడాలనుకున్నది చూశాను. కిందికి వెళ్తాను. మీరు వెళ్ళి రండి" అని మెట్లు దిగిపోయారు. ఆ మాట మా చెవిన పడింది. అయినా మా కాళ్ళు పైకే నడిచాయి. సంచి మోస్తున్న యువకుడు అప్పటికే ఇరవై మెట్లు పైన ఉన్నాడు.

బారాదరి పైనుండి నగరమంతా కనిపించింది. ఒకవైపు సమాధుల గుమ్మటాలు, మరోవైపు ఎత్తైన కొత్త భవనాలు. గాలి చల్లగా వీస్తున్నది. కింది నుండి చప్పట్లు నిజంగానే వినిపిస్తున్నాయి. ఎండుటాకు నలిగినంత చిన్నగా, అయినా స్పష్టంగా. ఒకసారి కాదు, ఎడతెగకుండా వస్తూనే ఉన్నాయి. మా యువకులలో ఒకరు "ఇవి హాఫిజ్ సాబ్ చప్పట్లే" అన్నారు. మరొకరు "కాదు, ఇప్పుడు కొట్టినవి" అన్నారు. అందరం నవ్వుకున్నాము. ఫొటోలు తీసుకున్నాము. పట్టికలో వేసుకున్న సమయానికి పదిహేను నిమిషాలు ఆలస్యంగా దిగడం మొదలుపెట్టాము.

గుమ్మటం కింద హాఫిజ్ సాబ్ లేరు. మాస్టారూ లేరు. ఆ జనంలో ముందుకూ వెనుకకూ వెదికాము. మేము అమీరుమన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. మాస్టారుకు ఫోను చేద్దామని జేబులో చేయి పెట్టాము. శిబిరంలో మూగబెట్టిన ఫోను మూగగానే ఉన్నది. మాస్టారు నాలుగుసార్లు పిలిచిన గుర్తు దాని మీద ఉన్నది.

వారు కోట వెలుపల ఒక టీ దుకాణం బల్ల మీద ఉన్నారు. హాఫిజ్ సాబ్ గోడకు ఆనుకుని కూర్చున్నారు. చొక్కా చెమటతో తడిసి ఉన్నది. మాస్టారు దిగి వచ్చేసరికి ఆయన చేతులు వణుకుతున్నాయట, మాట తడబడుతున్నదట. మాస్టారు తండ్రిగారికి కూడా ఈ వ్యాధే ఉండేది కనుక షుగరు పడిపోయిందని ఆయన గుర్తించారు. ఇద్దరు కుర్రవాళ్ళ సాయంతో బయటికి నడిపించి, టీ దుకాణం వాడిని అడిగి గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించారు. పది నిమిషాలకు తేరుకున్నారు. ఆ తరువాత రొట్టె తినిపించారు. మాస్టారు ఇంకొంచెం ఆలస్యంగా వెనుదిరిగి ఉంటే ఏమయ్యేదో అల్లాహ్‌కే తెలుసు.

మమ్మల్ని చూసి హాఫిజ్ సాబ్ కోపగించుకోలేదు. అలసిన గొంతుతో ఒకే మాట అడిగారు. "ఒంట్లో బాగాలేదని తెలియగానే ఆ గుమ్మటం కింద నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టాను మౌలానా. వినిపించాయా?"

వినిపించాయి. పైన నవ్వుకుంటూ విన్నాము. ఆయనకు ఏమని చెప్పాలో తెలియక తల దించుకున్నాము.

జుహర్ వేళ అయింది. దగ్గరి వీధిలోని ఒక చిన్న మస్జిదుకు వెళ్ళాము. అప్పటికి జమాఅత్ ముగిసింది. మాస్టారు బయట అరుగు మీద మా సంచి కనిపెట్టుకుని కూర్చున్నారు. హాఫిజ్ సాబ్ ఉన్నచోట నమాజు చేయించేది ఎప్పుడూ ఆయనే. ఆ రోజు ఆయన కుర్చీ మీద కూర్చుని, మమ్మల్ని ముందు నిలబడమన్నారు. ప్రయాణికులం కనుక నాలుగుకు బదులు రెండు రకాతులే. ఆయన పరిస్థితి చూసి చిన్న సూరాలు పఠించి నమాజును తేలిక చేశాము. సలాము చెప్పిన తరువాత ఒక ఆలోచన మా మనసును కలచివేసింది.

హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)ను ఆయన జాతి వారికి ఇమాముగా నియమిస్తూ, వారిలో అందరికన్నా బలహీనుడిని దృష్టిలో పెట్టుకుని నడచుకోమని మహాప్రవక్త (స) ఆదేశించారు. ఆ ఆదేశం ప్రకారమే క్షణం తటపటాయించకుండా సూరాలను కుదించాము. ముసల్లా మీద అంత వెంటనే గుర్తుకు వచ్చిన బోధన, రెండు గంటల ముందు మెట్ల మీద ఎందుకు గుర్తుకు రాలేదు? నమాజులో ఇమాము వెనుక నిలబడిన బలహీనుడు, కోట గుమ్మం వద్ద మరొకడైపోయాడా? మనం ధర్మాన్ని మస్జిదు గడప లోపల ఎంత శ్రద్ధగా పాటిస్తామో, చెప్పులు తొడుక్కోగానే అంత తొందరగా మరచిపోతామన్నది ఆ రోజు మాకు మా గురించే తెలిసివచ్చిన చేదు నిజం.

హజ్రత్ జాబిర్ (రజి) తెలియజేసిన విషయం మరొకటి ఉన్నది. ప్రయాణాలలో మహాప్రవక్త (స) బృందానికి వెనుక ఉండేవారు. నడవలేని వారిని ముందుకు సాగేలా చేసేవారు, అవసరమైన వారిని తమ వాహనం మీద వెనుక ఎక్కించుకునేవారు, వారి కోసం దుఆ చేసేవారు. జాబిర్ (రజి) ఒంటె స్వయంగా ఒక ప్రయాణంలో అలసి వెనుకబడింది. ఆయనను కలుసుకుని, ఒంటెను నడిపించి, పెళ్ళి సంగతులు, ఇంటి సంగతులు అడిగి తెలుసుకున్నది సాక్షాత్తు దైవప్రవక్తే. సైన్యాన్నీ సమాజాన్నీ నడిపిన మహనీయులకు వెనుక నడవడానికి తీరిక దొరికింది. ఏడు ప్రదేశాల పట్టిక పట్టుకున్న మాకు దొరకలేదు.

మస్జిదు మెట్ల మీదనే ఆ పట్టికను మడిచి జేబులో పెట్టాము. ముందుగా అందరం కూర్చుని భోజనం చేశాము. హాఫిజ్ సాబ్ తినడం ముగించేదాకా ఎవరూ లేవలేదు. తరువాత ఎక్కడికి వెళ్దామని ఆయననే అడిగాము. "సమాధులు దగ్గరే కదా. చదునుగా ఉంటుందంటున్నారు. మెల్లగా చూద్దాం. సాయంత్రం మక్కా మస్జిదులో నమాజు దొరికితే చాలు" అన్నారు. ఇక అక్కడి నుండి ఆయన ముందు, మేమంతా వెనుక. సంచి మా భుజానికి మారింది.

మెల్లగా నడిచేవారి వెనుక నడిస్తే కళ్ళకు తీరిక దొరుకుతుంది. కుతుబ్ షాహీ సమాధుల తోటలో ఆ సంగతి అనుభవంలోకి వచ్చింది. హాఫిజ్ సాబ్ పది అడుగులకొకసారి ఆగేవారు. ఆగిన చోటల్లా నల్లరాతి మీద చెక్కిన అరబీ అక్షరాలను వేలితో చూపిస్తూ చదివేవారు. హైదరాబాదు నగర నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఇక్కడే విశ్రమిస్తున్నాడు. ఆయన కుమార్తె హయాత్ బఖ్షీ బేగం, ఆమె భర్త, ఆమె కుమారుడు కూడా ఇక్కడే ఉన్నారు. వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో ప్రార్థనలో ఉండగా హత్యకు గురయ్యాడు. ఆ నేరం సొంత కుమారుడు జంషీద్ ప్రేరణతోనే జరిగిందని చరిత్ర చెబుతున్నది. ఏడేళ్ళు తిరగకుండానే ఆ జంషీద్ కూడా ఇదే తోటకు చేరాడు. చివరి రాజు తానీషా మాత్రం ఇక్కడ లేడు. ఆయన దౌలతాబాదు కోటలో బందీగా మరణించాడు.

తోటలో ఒక స్నానశాల ఉన్నది. మరణించిన రాజులకు అంతిమ స్నానం చేయించిన చోటు అది. హాఫిజ్ సాబ్ అక్కడ గట్టు మీద కూర్చుని యువకులతో అన్నారు. "పొద్దున మీరు ఎక్కిన కోటకు రాజులు పల్లకీలో వెళ్ళేవారు. ఇక్కడికి మాత్రం నలుగురు మోస్తేనే వచ్చారు. ఇంత ఎత్తు గోడలు కట్టినవారికి చివరికి పనికి వచ్చింది పక్కనున్నవారి భుజాలే." భూమి మీద సంచరించి గతించినవారి పర్యవసానం చూడమని దివ్య ఖుర్ఆన్ మానవులను పదే పదే పిలుస్తుంది. పట్టిక ప్రకారం మేము ఈ తోటకు కేటాయించినది ముప్పై నిమిషాలు. అక్కడ గడిపినది రెండు గంటలు.

అక్కడి నుండి ఆటోలలో పాత బస్తీ చేరాము. మక్కా మస్జిదులో అసర్ జమాఅత్ అందింది. స్థానిక ఇమాము వెనుక నిలబడ్డాము కనుక నాలుగు రకాతులు పూర్తిగా చేశాము. ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలైన ఆ నిర్మాణం 1694లో ఔరంగజేబు పాలనలో పూర్తయింది. మొదలుపెట్టినవారు ముగింపు చూడలేదు, ముగించినవారు ఆ వంశాన్ని కూల్చినవారు. అయినా సఫ్‌లు మాత్రం నేటికీ అదే ఖిబ్లా వైపు నిలబడుతున్నాయి. చార్మినారును ప్రాంగణంలో కూర్చునే చూశాము. 1591లో కట్టిన ఆ కట్టడం పడమటి ఎండలో బంగారు రంగులో మెరుస్తున్నది. పైకి ఎక్కుదామని ఎవరూ అనలేదు. ఒక యువకుడు లాడ్ బజారుకు పరుగున వెళ్ళి అందరి ఇళ్ళకూ గాజులు తెచ్చాడు. మా ఇంటివారి గాజులు ఒక సైజు తక్కువైనవి. వారు దానికి మమ్మల్ని ఇంకా క్షమించలేదు!

రైలులో హాఫిజ్ సాబ్‌కు కింది బెర్తు ఇప్పించి పక్కన కూర్చున్నాము. మనిషి పట్ల జరిగిన లోపాన్ని ఆ మనిషి క్షమించాలని శిష్యులకు చెప్పే మేము, ఆయన చేయి పట్టుకుని క్షమాపణ అడిగాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "భయం వేసింది మౌలానా. ఇంతమంది జనంలో ఉండి ఒంటరినయ్యానని భయం వేసింది" అన్నారు. ఆ తరువాతనే "క్షమించాను" అన్నారు. ఆ మొదటి మాట చెప్పినందుకు మేము ఆయనకు ఎక్కువ రుణపడి ఉన్నాము. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఎదుటి బెర్తు మీద మాస్టారు అప్పటికే నిద్రలో ఉన్నారు. హదీసు గ్రంథాలు ఏళ్ళ తరబడి బోధించినవారం మేము. అవి బోధించే పని వెనుదిరిగి చేసినవారు ఆయన. మరునాడు స్టాఫ్ గదిలో కృతజ్ఞత చెప్పబోతే, "మా నాన్నకు ఎవరో ఒకరు ఇలాగే చేసి ఉంటారు కదండీ" అని హాజరు పట్టీ తీసుకుని తరగతికి వెళ్ళిపోయారు.

పాఠక సోదర సోదరీమణులారా! ప్రతి కుటుంబం ఒక ప్రయాణ బృందమే. అందులో మెట్లు ఎక్కలేని అమ్మ ఉంటుంది, చెవులు సరిగా వినిపించని నాన్న ఉంటాడు, చదువులో వెనుకబడిన బిడ్డ ఉంటాడు, కాన్పు తరువాత తేరుకోని కోడలు ఉంటుంది. "మీరు వెళ్ళి రండి" అని వారు నవ్వుతూ అంటారు. అది వారి పెద్దమనసు. దానిని అనుమతిగా తీసుకుని ముందుకు వెళ్ళిపోవడం మన తొందర. వారి చప్పట్లు పైకి వినిపిస్తూనే ఉంటాయి. ఈసారి అవి వినిపిస్తే ఒక్క నిమిషం ఆగి, అవి ఎవరివో అడిగి తెలుసుకుందాము. చూడవలసిన ప్రదేశాలు రెండు తగ్గినా నష్టం లేదు.

మా మదర్సాలో ఏటా విద్యార్థులను విహారయాత్రకు తీసుకువెళ్తాము. ఈ ఏడాది అమీరుగా ఎవరున్నా అందరికన్నా వెనుక నడవాలనీ, మందుల సంచి ఆయన భుజానే ఉండాలనీ నిర్ణయించాము. మొదటి వంతు మాదే.

బలహీనుల అడుగును మన అడుగుగా చేసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.